కొండముచ్చు దొంగ కాదు, ప్రైమేట్ ప్రథముడూ కాదు

మా కోనసీమలో ఈ మధ్య ఒక వాదం బాగా చెలామణీ అవుతోంది. పోయిన కార్తీకంలో ఏటిగట్టు పక్కన ఒక గుడిలో ప్రవచనకారుడి నోట విన్నాను. నెల తిరక్కముందే ఒక కాలేజీ వక్తృత్వ పోటీలో ఇంటర్ చదివే అమ్మాయి నోట మళ్లీ విన్నాను. అదే మాట, అదే వరస. మొదటి బహుమతి ఆ అమ్మాయికే ఇచ్చారు. న్యాయనిర్ణేతలం ముగ్గురం, తక్కిన ఇద్దరితో వాదించాను, నెగ్గలేదు. అక్కడ చెప్పడానికి వీలు చిక్కనిదంతా ఇక్కడ చెబుతున్నాను.

వాదం ఇదీ. శాస్త్రజ్ఞులు మనిషినీ కోతినీ కలిపి ప్రైమేట్స్ అంటారు. ఆ మాట లాటిన్‌లో 'మొదటిది' అనే అర్థమున్న ప్రీముస్ నుంచి పుట్టింది. కాబట్టి సృష్టిలో మనిషే ప్రథముడని పాశ్చాత్య శాస్త్రమే ఒప్పుకుంది. ఇక మనవాళ్లు అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందే కోతికి వానరం అని పేరు పెట్టారు. 'వా నరః', నరుడేనేమో అని. కాబట్టి డార్విన్ చెప్పిన సంగతి మన ఋషులకు ముందే తెలుసు. రెండు పేర్లు, రెండు వ్యుత్పత్తులు, రెండు తీర్పులు. సభలో చప్పట్లు.

ఈ వాదం మొదలే తప్పు. పేరు ఎక్కణ్ణించి వచ్చిందన్నది ఒక ప్రశ్న. ఆ పేరు దేన్ని చెబుతుందన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరగ్గానే రెండోది కూడా తేలిపోయిందనుకోవడం శాస్త్రం కాదు సరికదా, మన తర్కం, మన వ్యాకరణం కూడా ఒప్పుకోవు. మన సంప్రదాయం పేరు చెప్పుకుని చేసే ఈ వాదం మన సంప్రదాయంలోనే నిలబడదు. నా కష్టమంతా అక్కడే.

ముందు మన భాషలోని కోతినే తీసుకుందాం. కొండముచ్చు అంటే ఏమిటని ఎవరినైనా అడగండి. "కొండల్లో ఉండే దొంగండి" అంటారు. మ్రుచ్చు అంటే దొంగ, మ్రుచ్చిలడం అంటే దొంగిలడం. కొబ్బరితోటలో దింపు తీసేవాడికంటే ముందే బొండాం కోసుకుపోయే జంతువుకి దొంగ అన్న పేరు అతికినట్టుగానే ఉంటుంది. చిన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. కానీ తమిళంలో సంగం కాలపు పద్యాల నుంచీ ఈ జంతువు పేరు 'ముసు'. కన్నడంలో 'ముసువ', 'ముసియ'. ఆ భాషల్లో ఆ మాటకీ దొంగతనానికీ సంబంధం లేదు. అంటే ముచ్చు అన్నది ద్రావిడ భాషల్లో ఆ నల్లమొహం జంతువుకే ఉన్న పాత పేరు. మనకు ఆ పేరు ఒంటరిగా వాడుకలోంచి జారిపోయి, 'కొండ' పక్కన మాత్రమే మిగిలింది. దొంగ అనే ముచ్చు మాత్రం బతికే ఉంది. దాంతో చెవి ఆ రెంటినీ కలిపేసింది. అర్థం కుదిరింది, కథ బాగుంది, జంతువు బుద్ధి కూడా సరిపోయింది. అయినా అది నిజం కాదు. వ్యుత్పత్తి ఎంత అందంగా కుదిరితే అంత అనుమానించాలని నాకు నేర్పింది కొండముచ్చే.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా మేనమామగారి అరుగు మీద కూర్చుని నాలుగు తర్కం మాటలు విన్నవాణ్ణి. ఆయన మొదట చెప్పింది పంకజం సంగతి. పంకజం అంటే బురదలో పుట్టేది. మన సీమలో బురదకి కరువు లేదు; వరి, తుంగ, పీత, జలగ అన్నీ అందులోంచే వస్తాయి. అయినా పంకజం తెమ్మంటే పీతను తెచ్చేవాడు ఎవడూ లేడు. అవయవాలు విడదీస్తే వచ్చే అర్థం యోగార్థం. లోకం ఏ వస్తువుకి ఆ మాట వాడుతుందో అది రూఢ్యర్థం. రెండూ కలిస్తే యోగరూఢి. రెంటికీ తగాదా వస్తే నెగ్గేది రూఢే. ఇది నైయాయికులు, మీమాంసకులు, ఆలంకారికులు ఏనాడో తేల్చిన సంగతి. కుశలుడంటే వేలు తెగకుండా కుశదర్భ కోసేవాడని వ్యుత్పత్తి. దర్భ ముట్టుకోని ఇంజనీరును కూడా కుశలుడంటాం. ప్రవీణుడంటే వీణలో గట్టివాడు. మండపమంటే గంజి తాగేది! గౌః అంటే నడిచేది. పాకలో పడుకుని నెమరేస్తున్న ఆవు ఆవు కాకుండా పోతుందా?

అంతకన్నా పాతది యాస్కుడి నిరుక్తం. వ్యుత్పత్తులు చెప్పడానికే పుట్టిన గ్రంథం అది. నామవాచకాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడి పక్షం. కాదు, అన్నీ అలా పుట్టలేదని గార్గ్యుడి పక్షం. దారిలో పరుగెత్తేది కాబట్టి అశ్వమైతే, దారిలో పోయే ప్రతిదీ అశ్వం కావాలి కదా, గుచ్చుకునేది కాబట్టి తృణమైతే గుచ్చుకునే ప్రతిదీ తృణం కావాలి కదా అని గార్గ్యుడు నిలదీస్తాడు. యాస్కుడు శాకటాయనుడి వైపే నిలిచినా, ఆ అభ్యంతరాన్ని దాచకుండా ముందుంచి జవాబు చెప్పాడు. అంత నిజాయితీ గల వారసత్వం మనది. అగ్రహారాల్లో తరతరాలుగా ఈ చదువు చదివిన సీమ మనది. అలాంటి చోట మైకు ముందు నిలబడి 'వా నరః' అని రెండు ముక్కలు చేసి ఋషులకు జీవపరిణామం తెలుసంటే ఒక్కరూ లేచి అడగకపోవడం నాకు నిజంగా బాధ.

ఇప్పుడు ప్రైమేట్ దగ్గరికి వద్దాం. ఆ మాట పెట్టినవాడు స్వీడన్ దేశపు కార్ల్ లినేయస్. 1735లో ఆయన 'సిస్టెమా నతూరే' మొదటి ముద్రణ వేసినప్పుడు ఆ గుంపు పేరు ప్రైమేట్స్ కాదు, ఆంత్రోపోమోర్ఫా. అంటే మనిషి రూపం గలవి. అందులో మనిషి, కోతి, వాటితోపాటు దక్షిణ అమెరికాలో చెట్టుకి తలకిందులుగా వేలాడే స్లాత్. 1758లో పదో ముద్రణకి పేరు మారి ప్రైమేట్స్ అయింది. ప్రథమశ్రేణికి చెందినవి అనే అర్థంలోనే పెట్టాడు, పుస్తకంలో క్షీరదాల వరసకి మొదటనే ఉంచాడు. ఇది నేను దాచను. నా ఎదుటివాళ్ల వాదంలో గట్టి ముక్క ఇదొక్కటే. క్రైస్తవ సంఘంలో ఒక దేశపు పెద్ద ఆర్చిబిషప్పుని ప్రైమేట్ అనడానికి కూడా ఆ లాటిన్ మాటే మూలం.

కానీ ఆ ప్రథమశ్రేణిలో ఎవరెవరున్నారో చూడండి. 1758 పుస్తకంలో ప్రైమేట్స్ కింద నాలుగు ప్రజాతులు: హోమో, సిమియా, లెమూర్, వెస్పెర్టీలియో. మొదటిది మనిషి. రెండోది కోతి. మూడోదాంట్లో మన దేవాంగపిల్లి వంటివి. నాలుగోది గబ్బిలం. అవును, చింతచెట్టుకి వేలాడే గబ్బిలమే. కారణం కూడా లినేయస్ ముందే రాసి పెట్టాడు: పై దవడలో ముందు పళ్లు నాలుగు, రొమ్మున రెండు స్తనాలు. గబ్బిలం రొమ్మున పాలిస్తుంది, కాబట్టి లోపలికి వచ్చింది. పేరు సింహాసనంలా వినిపిస్తుంది గానీ లోపలికి రానిచ్చిన కొలత మాత్రం పళ్లూ పాలూ. ప్రైమేట్ అంటే సృష్టిలో అగ్రగణ్యుడని ఆ పేరే చెబుతుంటే, గబ్బిలానికీ ఆ పట్టాభిషేకం జరిగినట్టే. ఆ పైన గబ్బిలాన్ని బయటికి తీసేశారు. పేరు మారలేదు, అర్థం మారింది.

ఇంకో సంగతి. మనిషి అగ్రగణ్యుడని చాటడానికే లినేయస్ ఆ పేరు పెట్టాడనుకుంటే, ఆ కాలంలో జనం దాన్ని మెచ్చుకుని ఉండాలి. జరిగింది తలకిందులు. మనిషినీ కోతినీ ఒకే గుంపులో వేశాడని తిట్టారు. 1747లో ఆయన గ్మేలిన్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరం చాలా ప్రసిద్ధం. మనిషికీ కోతికీ ప్రకృతిశాస్త్రం ప్రకారం ప్రజాతి స్థాయిలో తేడా ఏదైనా ఉంటే చూపించమని అందులో అడిగాడు. తనకైతే కనబడలేదన్నాడు. మనిషిని కోతి అని ఉంటే మతాధికారులంతా తన మీద పడి ఉండేవారనీ, శాస్త్రధర్మం ప్రకారం బహుశా అలాగే అనాల్సిందనీ రాసుకున్నాడు. పేరులో గౌరవం ఉంచి, గుంపులో నిజం ఉంచాడు. మనవాళ్లు గౌరవం పట్టుకుని నిజాన్ని వదిలేస్తున్నారు.

ఆ గౌరవం చాలదన్నవాళ్లు కూడా వచ్చారు. జర్మనీలో బ్లూమెన్‌బాఖ్, తరవాత ఫ్రాన్స్‌లో కువియే ప్రైమేట్స్ అనే గుంపునే విడదీశారు. మనిషి ఒక్కడికీ బిమానా, అంటే రెండు చేతులవాడు. కోతులకి క్వాడ్రుమానా, అంటే నాలుగు చేతులవి. చాలా దశాబ్దాలు శాస్త్రలోకం అదే పాటించింది. మనిషిని వేరే గదిలో పెట్టాలన్న కోరికకి ఈ పేర్లు ఇంపుగా ఉన్నాయి. 1863లో థామస్ హక్స్‌లీ గొరిల్లా వెనకకాలును ఎముక ఎముకగా, కండరం కండరంగా పరిశీలించి, అది చెయ్యి కాదు, నూటికి నూరుపాళ్లు పాదమేనని చూపించాడు. మనిషికీ గొరిల్లాకీ ఉన్న తేడా కన్నా గొరిల్లాకీ చిన్న కోతులకీ ఉన్న తేడాయే ఎక్కువని తేల్చాడు. రెండు చేతులు, నాలుగు చేతులు అన్న పేర్లు కూలిపోయాయి. లినేయస్ గుంపు మళ్లీ నిలబడింది. దాన్ని నిలబెట్టింది ప్రీముస్ అన్న ధాతువు కాదు, పాదం ఎముకలు.

1873లో సెయింట్ జార్జి మైవర్ట్ ఈ గుంపుకి లక్షణాలు ఒకచోట కూర్చాడు. గోళ్లు, జత్రుక (కాలర్ ఎముక), కంటిగూడు చుట్టూ ఎముక వలయం, మూడు రకాల పళ్లు, పట్టుకోగలిగే బొటనవేలు, రొమ్మున స్తనాలు, ఇలా సాగుతుంది ఆ జాబితా. అందులో 'శ్రేష్ఠత' అనే లక్షణం లేదు. ఇవాళ ఆ జాబితా కూడా రెండో మెట్టుకి వెళ్లింది. ఇప్పుడు అడిగేది ఒక్కటే: ఈ జంతువులన్నిటికీ ఒకే పూర్వీకుడున్నాడా, ఆ పూర్వీకుడి సంతానమంతా లోపలున్నారా? వంశం ఎక్కడో అర్థం అక్కడ.

దీనికి తెలుగునేల మీదే ఒక సాక్ష్యం ఉంది. అమరావతి శిల్పాలను 1845లో తవ్వించిన వాల్టర్ ఎలియట్ పేరు చరిత్ర చదివినవాళ్లకి తెలుసు. మన గోదావరి జిల్లాలున్న ఉత్తర సర్కారులకి కమిషనరుగా పనిచేసిన మనిషి. తూర్పు కనుమల్లో దొరికే ఉడుతలాంటి ఒక చిన్న జంతువుకి ఆయన పేరే పెట్టారు, అనథానా ఎలియోటి. ఇంగ్లీషువాళ్లు దాన్ని ట్రీ ష్రూ జాతి అంటారు. ఆ జాతికి తుపాయియా అన్న పేరు మలయ్ భాషలో ఉడుతను చెప్పే మాట నుంచి వచ్చింది. అనథానా అన్నది వెదురు ఉడుతను చెప్పే తమిళ మాటలోంచి తీసింది. పేర్లన్నీ ఉడుతలే. అయినా ఆ జంతువు ఉడుత కాదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం శాస్త్రజ్ఞులు దాన్ని ప్రైమేట్స్‌లోనే ఉంచారు. 1945లో సింప్సన్ అనే శాస్త్రజ్ఞుడు వేసిన పెద్ద వర్గీకరణలోనూ అది మన చుట్టమే. ఆ తరవాత మెదడు, పుర్రె, సంతానోత్పత్తి మళ్లీ పరిశీలించి బయటికి పంపారు. ఇప్పుడు దాని వర్గం వేరు. ఒక జంతువు ప్రథమశ్రేణిలోకి వచ్చి మళ్లీ వెళ్లిపోయింది. దాని గొప్పతనం పెరగలేదు, తగ్గలేదు. కొమ్మ మీద తన పని తాను చేసుకుంటూనే ఉంది.

దేవాంగపిల్లి సంగతి ఇంకా చక్కనిది. రాయలసీమ కొండల్లో, నల్లమల వైపు ఉంటుంది. పెద్ద కళ్లు, పుల్లల్లాంటి చేతులు, రాత్రి తిరుగుడు. తెలుగులో పిల్లి, శాస్త్రంలో ప్రైమేట్. లెమూర్ అన్న శాస్త్రనామం మొట్టమొదట వచ్చింది మడగాస్కర్ జంతువు కోసం కాదు, ఈ జాతి కోసమే. రోమనులు రాత్రిపూట తిరిగే దయ్యాల్ని లెమూరేస్ అనేవారు. మడగాస్కర్ లెమూర్ల మొహాలు దయ్యాల్లా ఉంటాయనీ, అరుపులు దయ్యాల అరుపుల్లా ఉంటాయనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చాలా పుస్తకాలు చెబుతాయి. 1754లో స్వీడన్ రాజు సేకరణకి జాబితా రాస్తూ లినేయస్ కారణం తానే చెప్పాడు: రాత్రి తిరుగుతుంది, ఒక విధంగా మనిషిని పోలి ఉంటుంది, మెల్లగా నడుస్తుంది. అప్పుడు ఆయన ముందున్నది సింహళం వైపు దేవాంగపిల్లి. ఇవాళ వర్గీకరణలో దేవాంగపిల్లి లెమూర్ కుటుంబంలో లేదు. ఆ పేరు మడగాస్కర్ జంతువులకే మిగిలింది. పేరు ఎవరి కోసం పుట్టిందో వాళ్ల దగ్గరే ఉండాలన్న నియమం లేదు.

ఇలాంటివి ఒకటా రెండా? పోంగో అన్నది ఆఫ్రికాలో తోక లేని ఒక పెద్ద జంతువుకి, బహుశా గొరిల్లాకి, పదిహేడో శతాబ్దపు ప్రయాణికుల రాతల్లో కనిపించే పేరు. ఇవాళ ఆ పేరుతో శాస్త్రం పిలిచేది బోర్నియో, సుమత్రాల్లోని ఒరాంగుటాన్‌ని. వ్యుత్పత్తినే నమ్మితే దాన్ని ఆఫ్రికాలో వెతకాలి. సాదా కోతికి పెట్టిన రీసస్ అన్న పేరు చూస్తే, ఇలియడ్‌లో థ్రేస్ రాజు పేరులా వినిపిస్తుంది. పెట్టినాయన ఔదెబేర్ మాత్రం ఆ పేరుకి అర్థమేమీ లేదని తానే చెప్పాడు. అర్థం లేదని పుట్టుకలోనే ఒప్పుకున్న ఆ పేరు, 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ చేసిన పనితో మన నెత్తుట్లోకి వచ్చింది. ప్రతి గర్భిణికీ చూసే ఆర్‌హెచ్ పరీక్షలో ఆ రెండక్షరాలు రీసస్ కోతివే. రీసస్ కణాల మీద దొరికిన పదార్థమూ, మనుషుల్లో ఆర్‌హెచ్ అంటున్న పదార్థమూ ఒకటి కాదని ఆ తరవాత తేలింది. పేరు మాత్రం ఉండిపోయింది. ఆసుపత్రిలో ఆ పరీక్ష కాపాడే బిడ్డలకి ఆ వ్యుత్పత్తితో పనేముంది?

కొండముచ్చుకి శాస్త్రం పెట్టిన పేరు సెమ్నోపిథెకస్. గ్రీకులో పూజ్యమైన కోతి అని అర్థం. మన దేశంలో దాన్ని హనుమంతుడి రూపంగా కొలుస్తారని తెలిసి పెట్టిన పేరు అది. అయితే ఐరోపా శాస్త్రం కొండముచ్చు దైవత్వాన్ని ఒప్పుకుందనాలా? అలా అనరు. ఎందుకనరు? అక్కడ పేరు పేరేనని తెలుసు కాబట్టి. మన తెలుగు నేల మీద దొరికే రకానికి ట్రాయ్ ముసలిరాజు పేరు పెట్టారు, ప్రియామ్. ఆ రాజుకీ మన కొండముచ్చుకీ ఏ చుట్టరికమూ లేదు. జంతువుల పేర్ల అంతర్జాతీయ నియమావళి ప్రజాతి, జాతి, కుటుంబం స్థాయి పేర్లకి వర్తిస్తుంది. ప్రైమేట్స్ వంటి పెద్ద వర్గాలు దాని పరిధిలోకి రావు. కానీ ఆ నియమావళిలో ఉన్న సూత్రం అందరూ పాటించేదే: పేరు అర్థం వస్తువుకి సరిపడలేదన్న కారణంతో పేరుని కొట్టెయ్యకూడదు. 'కాళ్లు లేనిది' అని లినేయస్ పేరు పెట్టిన స్వర్గపక్షి రెండు కాళ్ల మీద శుభ్రంగా నడుస్తోంది. వర్తకులు కాళ్లు కోసేసిన చర్మాలు పంపడంతో ఆయన మోసపోయాడు.

ఇక వానరం. అమరకోశంలో కోతికి తొమ్మిది పేర్లున్నాయి. ముడతల మొహం గలది కాబట్టి వలీముఖం, కొమ్మల మీది మృగం కాబట్టి శాఖామృగం, గంతులు వేసేది కాబట్టి ప్లవంగం, అడవి ఇల్లుగా గలది కాబట్టి వనౌకస్. ఇవన్నీ చూసి పెట్టిన పేర్లు, ప్రకృతిని కళ్లారా చూసినవాళ్ల పేర్లు. వాటి మీద నాకు ఎంతో ప్రేమ. వానరానికి మన సంప్రదాయమే రెండు వ్యుత్పత్తులు చెబుతుంది: నరుడేనేమో అన్నది ఒకటి, వనంలో దొరికే పండూ కాయా తీసుకునేది అన్నది రెండోది. భాషాచరిత్ర చదివినవాళ్లు కూడా దీన్ని వన శబ్దంతోనే ముడిపెడతారు. ఒకే మాటకి రెండు వ్యుత్పత్తులుంటే, ఒకటి మాత్రం ఏరుకుని అదే ఋషి హృదయమంటే ఎలా?

సరే, 'వా నరః' అన్నదే నిజమనుకుందాం. కిన్నరుడికి కూడా అదే వరసలో వ్యుత్పత్తి ఉంది: 'కిం నరః', ఇదేం నరుడు అని. కింపురుషుడూ అంతే. కిన్నరులకి గుర్రం మొహం. మరి మనిషి గుర్రం నుంచి వచ్చాడని ఋషులకు తెలుసని ఎవరైనా అంటారా? కోతి మనిషిలా ఉందని గమనించడానికి కళ్లుంటే చాలు. మలయ్ భాషలో ఒరాంగుటాన్ అంటే అడవిమనిషి. ఆఫ్రికాలో, గ్రీసులో, మన దగ్గరా అందరూ గమనించారు. పోలిక గమనించడం వేరు. ఆ పోలిక ఎలా వచ్చిందో, ఎన్ని లక్షల ఏళ్లలో వచ్చిందో, ఏ యంత్రాంగం వల్ల వచ్చిందో చెప్పి, తప్పయితే తప్పని తేలే విధంగా నిరూపించడం వేరు. మొదటిదాన్ని రెండోదానిగా చూపించడం ఋషులకి గౌరవం కాదు; వాళ్లు చెయ్యని పనిని వాళ్ల నెత్తిన పెట్టడం.

కిష్కింధలో హనుమంతుడు మొదటిసారి మాట్లాడగానే రాముడు మెచ్చుకున్నది బలాన్ని కాదు, భాషని. వేదాలు చదవనివాడు, వ్యాకరణం నేర్వనివాడు ఇలా మాట్లాడలేడని, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదని లక్ష్మణుడితో చెబుతాడు. అంతటి వ్యాకరణవేత్త పేరు చెప్పి వ్యాకరణాన్నే వంచిస్తుంటే ఎలా ఊరుకోను?

దశావతారాల వాదం కూడా ఈ సభల్లో తప్పకుండా వస్తుంది. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వైస్ చాన్సలరే డార్విన్ కన్నా దశావతారాలు మెరుగైన సిద్ధాంతమన్నారు. మన పిల్లలు పట్టాలు తెచ్చుకునే విశ్వవిద్యాలయం అది. నేను అంతర్వేది నరసింహస్వామికి దణ్ణం పెట్టుకునేవాణ్ణే. అందుకే అడుగుతున్నాను: చేప, తాబేలు, వరాహం తరవాత వచ్చేది సింహం తల. ఆ వరసలో కోతి ఏదీ? మనిషికి అన్నిటికన్నా దగ్గర చుట్టమైన గుంపు పది అవతారాల్లో ఒక్కటి కూడా కాదు. పైగా ఈ పోలిక ప్రాచీనమేమీ కాదు. 1877లో రష్యా నుంచి వచ్చిన దివ్యజ్ఞాన సమాజపు బ్లావట్‌స్కీ తన పుస్తకంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. డార్విన్ పుస్తకం 1859లో వచ్చాక పద్దెనిమిదేళ్లకి. దాన్ని మనం పూర్వీకుల జ్ఞానమని భుజాన మోస్తున్నాం.

నా హేతువాద మిత్రులకీ ఒక మాట చెప్పాలి. "మనిషి కోతి నుంచి పుట్టాడు" అని వాళ్లూ గోడల మీద రాస్తారు. ఆ వాక్యం కూడా తప్పే. దానికి సగం కారణం మన భాష. తెలుగునేల మీద తోక లేని పెద్ద వానరజాతి ఎప్పుడూ లేదు. దేశం మొత్తం మీద ఉన్నది ఈశాన్యపు హూలాక్ గిబ్బన్ ఒక్కటే. చూడని జంతువుకి మాట పుట్టదు. అందుకే చింపాంజీనీ, గొరిల్లానీ, గుడి మెట్ల మీది కోతినీ కలిపి కోతి అనేస్తాం. దాంతో ఏటిగట్టు మీది కోతే మన తాతని చెబుతున్నట్టు వినబడుతుంది. అది తాత కాదు. చాలా దూరపు దాయాది. చింపాంజీ కొంచెం దగ్గరి దాయాది. దానికీ మనకీ పూర్వీకుడు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట ఒకడే. 2005లో చింపాంజీ జన్యుపటం చదివినప్పుడు, పక్కపక్కన పెట్టి పోల్చగలిగిన అక్షరాల్లో తేడా వందకి ఒకటిన్నర కూడా లేదు. 2018లో ఒక కేంద్ర సహాయమంత్రి కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదన్నారు. పెదనాన్న కొడుకు నేనుగా మారడం కూడా ఎవరూ చూడలేదు. అయినా మా ఇద్దరికీ తాత ఒక్కడే.

హోమినిడ్ అన్న మాట నేను చదువుకునే రోజుల్లో మనిషి వంశానికి మాత్రమే వాడేవారు. ఇప్పుడు గొరిల్లా, చింపాంజీ, ఒరాంగుటాన్ అన్నీ హోమినిడ్లే. మనిషి శాఖకి హోమినిన్ అన్న వేరే మాట వచ్చింది. ధాతువు ఒక్కటే, మనిషి అనే అర్థం గల హోమో. ధాతువు కదల్లేదు, అర్థం నలభై ఏళ్లలో ఇల్లు మారింది.

ఇదంతా మాటల తగాదాయే కదా, ఎందుకింత ఆవేశమని అడగొచ్చు. పేరుకి ఏ బలమూ లేదని నేననను. 2022 మే 24న జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. పేరు చరిత్రని మోస్తుందని కోనసీమవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టే ప్రైమేట్ అనే పేరు మోసుకొచ్చిన చరిత్రని కూడా చూడమంటున్నాను. ప్రపంచంలోని ప్రాణులన్నీ ఒక నిచ్చెన మీద మెట్టు మెట్టుగా నిలబడ్డాయన్న పాత ఐరోపా ఊహ అందులో ఉంది. అదే 1758 పుస్తకంలో లినేయస్ మనుషుల్ని కూడా నాలుగు రకాలు చేసి, ఒక్కో రకానికీ రంగుతోపాటు గుణాలు అంటించాడు. ఐరోపావాడు చట్టంతో నడుస్తాడట, ఆఫ్రికావాడు తనకి తోచినట్టు నడుస్తాడట. ప్రథముడు అన్న మాట ఎక్కడ మొదలైనా కిందివాడెవడో చెప్పేదాకా ఆగదు. నిచ్చెన మనకి కొత్త కాదు. మన ఊళ్లలో రేవులు వేరు, వీధులు వేరు, గ్లాసులు వేరుగా బతికిన తరాలు ఇంకా బతికే ఉన్నాయి. డార్విన్ ఆ నిచ్చెన తీసి పక్కన పెట్టి చెట్టును గీశాడు. చెట్టుకి చివరి కొమ్మలుంటాయి గానీ పైమెట్టు ఉండదు. ఇవాళ ఆ చెట్టులో ఒక కొమ్మకి పేరైన మాటని పట్టుకుని మళ్లీ నిచ్చెన వేస్తుంటే చూస్తూ కూర్చోలేను.

పిల్లలకి ఇది నేర్పే చోటు కూడా కుంచించుకుపోతోంది. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో 'వారసత్వం, పరిణామం' అన్న పాఠం వారసత్వం ఒక్కటిగా మిగిలింది. 2023లో దేశమంతా పద్దెనిమిది వందల మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు దాని మీద నిరసన లేఖ రాశారు. బడిలో పాఠం తగ్గినకొద్దీ ఆ ఖాళీలోకి మైకు వచ్చి కూర్చుంటుంది.

ఆ వక్తృత్వ పోటీ అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మరి మన గోదారొడ్డున ఉండేది ఏ కోతండి?" అని అడిగింది. ఆ రోజు నేను విన్న మాటలన్నింటిలోకీ అది మంచి ప్రశ్న. దక్షిణాది టోపీకోతికీ ఉత్తరాది రీసస్ కోతికీ మధ్య సరిహద్దు గోదావరేనని ఎంతోకాలంగా పుస్తకాలు రాస్తున్నాయి. రీసస్ కోతి ఆ గీత దాటి దక్షిణానికి చొచ్చుకుపోతోందని, టోపీకోతి చోటు తగ్గుతోందని 2011లో పరిశోధకులు చూపించారు. కోతుల్ని పట్టి తెచ్చి వేరేచోట వదిలే మనుషుల చెయ్యి కూడా అందులో ఉంది. ధవళేశ్వరం దిగాక గౌతమి, వశిష్ఠ, వైనతేయలుగా చీలిపోయే మన దగ్గర ఆ సరిహద్దు ఏ పాయ మీద గీయాలి? అమ్మాయికి గుర్తులు చెప్పాను. నెత్తిన పాపిడి తీసినట్టు జుట్టు టోపీలా పరుచుకుని, తోక ఒంటికన్నా పొడుగ్గా ఉంటే టోపీకోతి. తోక పొట్టిగా, నడుము కింద ఎర్రగా ఉంటే రీసస్. రెండు నెలలుగా ఆ పిల్ల రావులపాలెం వంతెన నుంచి కిందికి ఏటిగట్టు వెంట సైకిలు మీద వెళ్లి, నోటు పుస్తకంలో తోకలు రాసుకుంటోంది.